1969 రాష్ట్రపతి ఎన్నిక: సంజీవరెడ్డి గారికి అన్యాయం జరిగిందా?

తిరుచానూరు అబ్బాయి:

పోయిన వారం చిత్తూరులో మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం. భోజనాలయ్యాక పెద్దవాళ్లంతా పందిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మాట మీద మాట వచ్చి 1969 రాష్ట్రపతి ఎన్నిక దాకా పోయింది. మా పెదనాన్న "అదొక ఎన్నికేనా? సంజీవరెడ్డిని సొంత పార్టీవాళ్లే నమ్మించి గొంతు కోసినారు" అన్నాడు. మా మేనమామ ఒప్పుకోలేదు. "గిరి ఓట్లతో గెలిచినాడు, సుప్రీంకోర్టు కూడా చెల్లుతుంది అనింది, ఇంకేం కావాల?" అన్నాడు. ఇద్దరి గొంతులూ పెరిగాయి. వచ్చిన కాఫీ కూడా తాగకుండా చెరో పక్కకి లేచిపోయారు. పెళ్లి మాఘంలో పెట్టుకున్నాం, అప్పటికైనా వీళ్లిద్దరూ మాట్లాడుకుంటారో లేదో అని మా అమ్మకి ఒకటే టెన్షన్.

నాకు తెలిసినంత చెప్తాను. 1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి.గిరి తాత్కాలికంగా ఆ బాధ్యత తీసుకున్నారు. జూలైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు కూర్చుని నీలం సంజీవరెడ్డిని అభ్యర్థిగా తేల్చారు. ప్రధాని ఇందిరాగాంధీ జగ్జీవన్‌రామ్ పేరు చెప్పినా నెగ్గలేదు. గిరి జూలై 20న రాజీనామా చేసి స్వతంత్రుడిగా దిగారు. ఇందిర సంజీవరెడ్డి నామినేషన్ మీద సంతకం పెట్టారు, పోలింగ్ దగ్గరపడ్డాక మాత్రం ఎవరి అంతరాత్మ ప్రబోధం ప్రకారం వాళ్లు ఓటేయండి అన్నారు. ఆగస్టు 16న పోలింగ్, 20న లెక్కింపు. గిరి గెలిచారు.

లోక్‌సభ స్పీకర్‌గా చేసిన అనంతశయనం అయ్యంగార్ గారిది మా తిరుచానూరే. అందుకని మా ఇంట్లో స్పీకర్ పదవి అంటే చిన్నప్పటి నుంచి ఒక గౌరవం. సంజీవరెడ్డి ఆ పదవి వదులుకుని ఈ ఎన్నికకి వెళ్లారు. మా పెదనాన్న బాధంతా అదే. ఇక్కడున్న పెద్దలు చెప్పండి. ఆ గెలుపు న్యాయమైనదేనా?

అనంతపురం ఆడపడుచు, ఇప్పుడు తిరుపతి:

తమ్ముడూ, మీ పెదనాన్న గారి మాటే నాది కూడా. మా పుట్టింటివాళ్లది అనంతపురం జిల్లా. ఇల్లూరులో పుట్టిన ఒక రైతుబిడ్డ ఆంధ్రప్రదేశ్‌కి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు, స్పీకర్ అయ్యాడు, ఇక దేశానికే పెద్ద అవుతాడని మా తాత వాళ్లు రేడియో ముందు కూర్చున్నారట. ఫలితం విన్న రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదని మా అవ్వ చెప్పేది.

ఓటమికి ఎవరూ అంత బాధపడరు. ఓడించిన పద్ధతికి బాధపడ్డారు. ఒక మనిషిని బలపరుస్తున్నానని సంతకం పెట్టడమంటే మాట ఇవ్వడమే కదా? పల్లెలో పెళ్లి సంబంధానికి తాంబూలాలు పుచ్చుకున్నాక వెనక్కి తగ్గితే ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు. దేశ ప్రధాని తన సంతకం ఉన్న అభ్యర్థిని ఓడించమని చెప్పకనే చెబితే దాన్ని అంతరాత్మ అని ఎలా పిలుస్తాం?

దానికంటే నన్ను బాధపెట్టేది ఆ కరపత్రం. పార్లమెంటు సెంట్రల్ హాలులో సంజీవరెడ్డి నడవడిక మీద బురద చల్లుతూ ఒక కరపత్రం పంచారు. కింద రాసినవాడి పేరు లేదు. పచ్చి ఆకాశరామన్న రాత. చేతుల్లోకి తీసుకుని చదివింది ఎవరు? ఓటు వేయాల్సిన ఎంపీలే. 1964లో కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు తన ప్రభుత్వాన్ని తప్పుపట్టిందని ముఖ్యమంత్రి పదవి వదిలేసిన మనిషి ఆయన. ఆయన్ని పదవి నుంచి ఎవరూ లాగలేదు, తనే దిగారు. అలాంటి మనిషి మీద పేరులేని కాగితంతో యుద్ధం చేశారు. నేను ఆ గెలుపుని గౌరవించలేను. చట్టం ఏమన్నా సరే.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గాంధీ రోడ్డు:

అమ్మా, మీ బాధ అర్థమైంది. కరపత్రం విషయంలో మీతో ఒక్క మాట కూడా విభేదించను. అది నీచమైన పని. కానీ మొత్తం ఎన్నికని ఆ ఒక్క కాగితంలో చుట్టేయకండి.

గిరి గారు ఊరికే ఎగిరొచ్చిన మనిషి కాదు. రైల్వే కార్మికుల సంఘాలు కట్టిన మనిషి. 1954లో కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డుని ప్రభుత్వమే కోత కోస్తే, నేను ఇందులో ఉండలేనని మంత్రి పదవికి రాజీనామా చేశారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో మా యూనియన్ పెద్దలు ఆ మాట చెప్పి కళ్లనీళ్లు పెట్టుకునేవారు. మా కోసం మంత్రి పదవి వదులుకున్న మనిషి ఆయన ఒక్కరే మరి. 1969 జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్స్ మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టింది కూడా ఆయనే. మర్నాడు రాజీనామా. పల్లెటూళ్లలో బ్యాంకు మెట్లు ఎక్కని రైతులు మెట్లు ఎక్కింది ఆ తర్వాతే. మా బ్రాంచిలో వేరుశనగ రైతులకి పంట రుణాల కాగితాలు నేను నా చేత్తో రాశాను.

ఇక మాట తప్పడం అంటారా, రెండో పక్క కూడా చూడండి. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీల నాయకులని కలిసి, మీ మొదటి ఓటు మీ అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్‌కి వేసుకున్నా రెండో ప్రాధాన్యం మా సంజీవరెడ్డికి వేయండి అని అడిగారు. ఏ పార్టీలతో ఊరూరా పోరాడామో వాళ్ల గుమ్మం తొక్కారు. సొంత ప్రధానికి చెప్పకుండా ఎదుటి పార్టీలతో మాట్లాడటం ధర్మమే అయితే, ఆ ప్రధాని తన సభ్యులకి స్వేచ్ఛ ఇవ్వడం అధర్మం ఎలా అవుతుంది? తిలాపాపం తలా పిడికెడు.

గ్రూప్స్ ప్రిపరేషన్, తిరుపతి:

సార్, ఒక డౌట్. పార్టీ విప్ (ఫలానా వాళ్లకే ఓటేయాలన్న ఆదేశం) ఇస్తే దానికి వ్యతిరేకంగా ఓటేసినవాళ్ల పదవి పోవాలి కదా? మరి కాంగ్రెస్ ఎంపీలు అంతమంది గిరికి ఎలా వేశారు?

చిత్తూరు కోర్టు వీధి:

రాష్ట్రపతి ఎన్నికకి విప్ వర్తించదు నాయనా. రాజ్యాంగం 55వ అధికరణ ఆ ఓటు రహస్యంగానే ఉండాలని చెబుతుంది. ఫిరాయింపుల చట్టం వచ్చిందే 1985లో, ఆ చట్టం కింద కూడా రాష్ట్రపతి ఎన్నికలో ఎవరికి ఓటేశావని అడిగే వీలు లేదు. కాబట్టి ఇందిర పిలుపు ఇచ్చినా ఇవ్వకపోయినా ప్రతి సభ్యుడికీ అంతరాత్మ ప్రకారం ఓటేసే హక్కు అప్పటికే ఉంది. ఆమె కొత్తగా ఇచ్చిన హక్కు ఏమీ లేదు. పార్టీ క్రమశిక్షణ అనే భయాన్ని మాత్రం తీసేసింది.

న్యాయం, చట్టం అని రెండు మాటలు కలిసిపోతున్నాయి కాబట్టి కేసు సంగతి కొంచెం వివరంగా చెప్తాను. రాష్ట్రపతి ఎన్నిక మీద వివాదం వస్తే నేరుగా సుప్రీంకోర్టే విచారించాలి, అది 71వ అధికరణ. గిరి ఎన్నిక చెల్లదని పిటిషన్లు పడ్డాయి. జస్టిస్ సిక్రీ నాయకత్వంలో అయిదుగురు జడ్జీలు విన్నారు. ఎంపీలు వరసగా వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆఖరికి పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి కూడా స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. నేను ముప్పై ఏళ్లుగా ఈ కోర్టుల్లో తిరుగుతున్నాను. ఒక ఎమ్మెల్యేకి సమన్లు అందించడానికి ఎన్ని వాయిదాలు పడతాయో నాకు తెలుసు. దేశాధినేత బోనెక్కిన రోజుని నేను చిన్నది అనుకోలేను.

1970 మే 11న పిటిషన్లు కొట్టేశారు, పూర్తి కారణాలు సెప్టెంబరులో ఇచ్చారు. కరపత్రం సెంట్రల్ హాలులో పంచిన మాట నిజమేనని కోర్టు నమ్మింది. కానీ ఎన్నిక రద్దు కావాలంటే ఆ పని గెలిచిన అభ్యర్థి చేసి ఉండాలి, లేదా ఆయనకి తెలిసి, ఆయన సమ్మతితో జరిగి ఉండాలి, లేదంటే దాని వల్ల ఫలితమే మారి ఉండాలి. అవేవీ రుజువు కాలేదు.

కోర్టు ప్రభుత్వానికి భయపడిందని ఎవరైనా అంటారేమో. అదే సుప్రీంకోర్టు అదే ఏడాది ఫిబ్రవరి 10న బ్యాంకుల జాతీయకరణ చట్టాన్ని కొట్టేసింది. ఇందిర ప్రభుత్వం గుండెకాయ లాంటి చట్టం అది. మూడు నెలల ముందు దాన్ని కొట్టేసిన కోర్టు, మూడు నెలల తర్వాత భయపడి తీర్పు ఇచ్చిందంటే నేను నమ్మను.

ఇంకొకటి, చాలామందికి తెలియదు. గిరి గారు 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు గిరిజనులకి రిజర్వు. ఓట్ల వరసలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే వచ్చాయి. జనరల్ సీటు గిరిజన అభ్యర్థికి ఎలా ఇస్తారని గిరి సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1959లో ఓడిపోయారు. ఆ వాదన తప్పని నా అభిప్రాయం కూడా. అంటే ఎన్నికల పిటిషన్ వేసినవాడి బాధ, ఎదుర్కొన్నవాడి బాధ రెండూ ఆయనకి తెలుసు.

అనంతపురం ఆడపడుచు:

లాయర్ గారూ, మీరు చెప్పిందాంట్లోనే నా సమాధానం ఉంది. కాగితం పంచారని కోర్టు ఒప్పుకుంది. రుజువు కానిది గిరి గారి చేయి, దాని వల్ల ఫలితం మారడం, అంతే. అంటే తప్పు జరిగింది, శిక్ష మాత్రం ఎవరికీ పడలేదు. ఇంట్లో దొంగతనం జరిగిందని పోలీసులు రాసుకున్నారు, దొంగ దొరకలేదని ఫైలు మూసేశారు. పోయిన సొమ్ము పోయినట్టేనా, కాదా?

గిరి గారి మీద నాకు కోపం లేదని ఈ సందర్భంగా చెప్పాలి. ఆయన కూడా తెలుగువారే. మాట నిలబెట్టుకోనివాళ్ల మీదే నా కోపం.

లెక్కల మాష్టారు, చిత్తూరు:

అందరూ న్యాయం గురించి మాట్లాడుతున్నారు, ఓట్ల లెక్క మాత్రం ఎవరూ పెట్టలేదు. లెక్క చూస్తే సగం తగాదా తీరుతుంది. నలభై ఏళ్లు బడిలో చెప్పిన అలవాటు కొద్దీ కొంచెం ఓపికగా రాస్తాను.

ఈ ఎన్నికలో మనుషుల్ని లెక్కపెట్టరు, ఓటు విలువని లెక్కపెడతారు. 1969లో ఒక్కో ఎంపీ ఓటు విలువ 576. ఎమ్మెల్యే ఓటు విలువ ఆ రాష్ట్ర జనాభాని బట్టి మారుతుంది, ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యేది 174. ఓటరు ఒక పేరుకి టిక్కు పెట్టి ఊరుకోడు. 1, 2, 3 అని తన ఇష్టం వరసగా రాస్తాడు. చెల్లిన ఓట్ల విలువలో సగాన్ని మించితే గెలుపు. ఎవరూ దాన్ని అందుకోకపోతే అడుగున ఉన్న అభ్యర్థిని తీసేసి, ఆయనకి ఒకటి వేసినవాళ్లు రెండు ఎవరికి వేశారో చూసి వాళ్లకి కలుపుతారు.

1969లో 15 మంది పోటీ. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవడానికి కావలసింది 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515. సంజీవరెడ్డికి 3,13,548. దేశ్‌ముఖ్‌కి 1,12,769. మిగతా 12 మందికీ కలిపి 8,505. ఎవరూ గీత దాటలేదు. సంజీవరెడ్డి 87,967 వెనకబడి ఉన్నారు.

తర్వాత దేశ్‌ముఖ్ దాకా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోయారు. ఆఖరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427.

ఇప్పుడు పిల్లలకి ఇచ్చే లెక్క. ఈ ఇద్దరూ కాకుండా మిగతా 13 మంది ఓట్లు మొత్తం 1,21,274. అందులోంచి సంజీవరెడ్డికి వచ్చింది 91,879. గిరికి వచ్చింది 18,562. ఈ ఇద్దరిలో ఎవరికీ ప్రాధాన్యం రాయక ఆగిపోయినవి 10,833. అంటే బయటి ఓట్లలో నాలుగింట మూడు వంతులు సంజీవరెడ్డి వైపు వెళ్లాయి. బ్యాంకు సార్ చెప్పిన నిజలింగప్ప ప్రయత్నం ఊరికే పోలేదు. ఎదుటి పార్టీలవాళ్లు ఆడిన మాట దాదాపు నిలబెట్టుకున్నారు. మొదటి లెక్కలో సొంత ఇంటి ఓట్లే చీలిపోయాయి. కంచే చేను మేసింది.

ఆఖరి తేడా 14,650. దాన్ని 576తో భాగిస్తే 25 మంది ఎంపీలు, కొంచెం ఎక్కువ. కానీ ఒక మనిషి ఇటు నుంచి అటు మారితే తేడా అతని ఓటు విలువకి రెండింతలు తగ్గుతుంది. కాబట్టి 13 మంది ఎంపీలు మనసు మార్చుకుని ఉంటే రాష్ట్రపతి మారిపోయేవారు. 13 మంది! మా ఊరి వాటర్ ట్యాంకు కమిటీలో అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

అందుకే ఆ కరపత్రం సంగతి నాకు తేలిగ్గా కనపడదు. తేడా లక్ష ఉంటే దాని వల్ల ఏం ఒరిగిందని వదిలేయొచ్చు. 13 మంది మీద నిలబడిన ఎన్నికలో ఒక్క పేరులేని కాగితం ఎంతమందిని కదిపిందో ఓటు రహస్యం కాబట్టి ఎవరూ తేల్చలేరు. అలా అని గిరి గెలుపు చెల్లదు అని కూడా అనలేను. 4,20,077 గీతకి పైన ఉంది, లెక్కలో తప్పు లేదు. లెక్క సరిగ్గా ఉన్న కాగితం మీద కూడా మరక పడొచ్చు. నా అభిప్రాయం అంతే.

సంతకం సంగతి మీద నా స్వానుభవం ఒకటి. చాలా ఏళ్ల కిందట మా ఊరి పక్కన ఒక సొసైటీకి ఎన్నిక. నా స్నేహితుడి నామినేషన్‌ని బలపరుస్తూ నేను సంతకం పెట్టాను. పది రోజుల్లో అతని గురించి కొన్ని సంగతులు తెలిశాయి, ఇతను వద్దు అనిపించింది. రెండు రాత్రులు నిద్ర లేదు. మూడో రోజు పొద్దున్నే వాళ్ల ఇంటికి పోయి, మొహం మీదే చెప్పాను, నా సంతకం నీకు ఉంది కానీ నా ఓటు నీకు లేదు, అడిగినవాళ్లకి కారణం కూడా చెప్తాను అని. అతను నాతో ఇప్పటికీ మాట్లాడడు. అయినా నాకు మనసులో బరువు లేదు. అందుకే మనసు మార్చుకోవడం తప్పని నేను అనను. పార్టీ అభ్యర్థి వద్దనుకున్నప్పుడు ప్రధాని ఆయన పేరు చెప్పి, ఇతనికి వేయకండి, కారణం ఇది అని నిలబడి ఉంటే నాకు అభ్యంతరం ఉండేది కాదు. అంతరాత్మ అనే పెద్ద మాట చాటున ఆ చిన్న మాట మింగేశారు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, గాంధీ రోడ్డు:

మాష్టారూ, మీ లెక్కకి నమస్కారం. నేను ఇన్నేళ్లుగా తేడా చాలా పెద్దదనుకుంటున్నాను. 13 మంది అనేసరికి కాసేపు ఆలోచనలో పడ్డాను.

అయినా ఒక ప్రశ్న. అప్పుడు ఇందిర భయం ఏమిటి? సిండికేట్ అని పిలిచే కాంగ్రెస్ పాత పెద్దలు తమ మనిషిని రాష్ట్రపతిగా కూర్చోబెట్టి తనని దించేస్తారని. ఆ భయం ఉత్తదే అని తేల్చేయగలమా? సంజీవరెడ్డి తర్వాత 1977లో రాష్ట్రపతి అయ్యారు కదా. 1979 ఆగస్టులో చరణ్ సింగ్ లోక్‌సభలో బలం చూపకుండానే రాజీనామా చేస్తే, జనతా నాయకుడు జగ్జీవన్‌రామ్ నాకు బలం ఉంది, అవకాశం ఇవ్వండి అన్నారు. సంజీవరెడ్డి ఇవ్వలేదు, ఆగస్టు 22న సభని రద్దు చేశారు. 1969లో బెంగళూరులో ఆయనకి పోటీగా వచ్చిన పేరు అదే జగ్జీవన్‌రామ్‌ది. నాకు ఇప్పటికీ అది గుచ్చుకుంటుంది. ఒక దళిత నాయకుడు ప్రధాని అయ్యే తలుపు అక్కడ మూసుకుపోయింది.

అనంతపురం ఆడపడుచు:

1979 నిర్ణయం నాకు కూడా నచ్చదు. జగ్జీవన్‌రామ్‌కి సభలో బలం చూపించుకునే అవకాశం ఇచ్చి ఉండాల్సింది, ఆ మాట నేను మా పుట్టింట్లో కూడా అన్నాను, తిట్లు తిన్నాను. కానీ పదేళ్ల తర్వాత ఒక మనిషి చేసిన పనిని పట్టుకుని, పదేళ్ల ముందు అతన్ని ఓడించిన పద్ధతిని ఒప్పు అనడం కుదరదు. అలా అయితే ఏ ఎన్నికనైనా ఎవరైనా చెడగొట్టొచ్చు, ముందే పసిగట్టామని చెప్పుకోవచ్చు.

ఇంకొకటి కూడా గుర్తు చేసుకోండి. 1969లో ఓడిపోయాక ఆయన రోడ్డెక్కలేదు. ఊరికి వచ్చి సేద్యం చూసుకున్నారు. 1977లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద జనతా పార్టీ గెలిచిన ఒకే ఒక్క లోక్‌సభ సీటు నంద్యాల, అది ఆయనది. ఆ జూలైలో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1980 జనవరి 14న ఇందిరమ్మ మళ్లీ ప్రధాని అయితే ప్రమాణం చేయించింది ఆయనే. ఆ రోజు ఆ ఇద్దరి మనసుల్లో ఏముందో, ఆయన మాత్రం తన పని తాను చేశారు.

గ్రూప్స్ ప్రిపరేషన్, తిరుపతి:

అక్కా, పోటీ లేకుండా అంటే అందరూ ఒప్పుకున్నట్టేనా? 1977లో 37 మంది నామినేషన్ వేస్తే 36 మందివి తిరస్కరించారని చదివాను.

అమెరికాలో 2000లో కూడా ఇలాంటి గొడవే జరిగింది కదా. దేశం మొత్తం మీద అల్ గోర్‌కి బుష్ కంటే 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ. కానీ ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో బుష్ గెలిచినట్టు తేల్చారు. మళ్లీ లెక్కపెట్టడాన్ని సుప్రీంకోర్టు డిసెంబరు 12న ఆపేసింది, 5-4 తీర్పుతో. దాంతో పోలిస్తే మనదే నయం అనిపిస్తోంది.

చిత్తూరు కోర్టు వీధి:

మంచి పోలిక తెచ్చావు నాయనా. అక్కడ కోర్టు లెక్కింపుని ఆపింది. ఇక్కడ లెక్కింపు అయ్యాక కోర్టు నెలల తరబడి సాక్షుల్ని విన్నది. నాకు రెండోదే మేలనిపిస్తుంది, ఓడినవాడు చెప్పుకోవాల్సింది చెప్పుకోగలిగాడు కాబట్టి. కానీ గోర్ చేసిన ఒక పని నాకు బాగా నచ్చుతుంది. తీర్పుతో ఏకీభవించనంటూనే మర్నాడు ఓటమి ఒప్పుకున్నారు. 2001 జనవరిలో ఉపాధ్యక్షుడి హోదాలో కూర్చుని, తను ఓడిపోయిన లెక్కని తనే ప్రకటించారు.

1977 గురించి నీ అనుమానం సరైనదే. 1974లో చట్టం మార్చారు. రాష్ట్రపతి నామినేషన్‌కి పది మంది ప్రతిపాదించాలి, పది మంది బలపరచాలి, డిపాజిట్ 2,500 కట్టాలి అన్నారు. అంతకుముందు ఎవరుపడితే వారు సరదాకి దిగేవారు, దానికి అడ్డుకట్ట కావాలి కూడా. 1997లో ఆ పదిని 50 చేశారు. ఎన్నిక మీద కోర్టుకెళ్లడం కూడా కష్టమైంది, అభ్యర్థి అయినా ఉండాలి లేదా కనీసం 20 మంది ఓటర్లు కలిసి రావాలి. 1969 గొడవ నుంచి నేర్చుకున్నది ఇదేనా అని నాకు బాధ. గడప ఎత్తు పెంచారు. పేరులేని కరపత్రాన్ని ఎలా ఆపాలన్నది ఎవరూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆ కరపత్రం ప్రతి ఎన్నికకీ అందరి ఫోన్లలోకి వస్తోంది.

తిరుచానూరు అబ్బాయి:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. అందరికీ నమస్కారాలు. నిన్న సాయంత్రం ఇదంతా ప్రింటు తీసుకుని చిత్తూరు పోయాను.

మీ అందరి రాతలూ కలిపి చదువుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. గిరి 1954లో బ్యాంకు ఉద్యోగుల కోసం రాజీనామా చేశారు. సంజీవరెడ్డి 1964లో కోర్టు మాటకి రాజీనామా చేశారు. మూడో అభ్యర్థి దేశ్‌ముఖ్ గురించి వెతికితే, ఆయన కూడా 1956లో బొంబాయి విషయంలో ఆర్థికమంత్రి పదవికి రాజీనామా చేసినవారే. పైగా ఆయన భార్య దుర్గాబాయి మన రాజమండ్రి బిడ్డ. అంటే ఒక తెలుగాయన, ఇంకో తెలుగాయన, ఒక తెలుగింటి అల్లుడు. ముగ్గురూ నమ్మినదాని కోసం కుర్చీ వదిలిన మనుషులు. అలాంటి ముగ్గురి మధ్య జరిగిన పోటీని ఆకాశరామన్న కాగితం పాడు చేసిందంటే నాకు చాలా బాధేసింది.

మా పెదనాన్నకి ముందు మాష్టారి లెక్క చదివి వినిపించాను. 91,879 దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. "అంటే బయటోళ్లు వేసినారు, మనోళ్లే వేయలేదా?" అన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు కోర్టు సంగతి చదివాను. రాష్ట్రపతే కోర్టుకు వచ్చాడా అని రెండుసార్లు అడిగాడు. గెలుపు చెల్లుతుందని ఆయన నోటితో అనలేదు. "గిరిని నేను తప్పుగా అనుకున్నా" అన్నాడు, అంతే. ఇందిరమ్మ సంతకం విషయంలో మాత్రం ఒక్క మెట్టు దిగలేదు.

మా మేనమామకి ఫోన్‌లో చదివాను. 13 మంది అన్న చోట ఆయన కూడా నిజమా అన్నాడు. కాకపోతే ఆ రెండో ప్రాధాన్యం ఓట్లు ఎలా కలుపుతారో ఇద్దరికీ అర్థం కాలేదు, నాకు కూడా సరిగ్గా చెప్పడం రాలేదు. మాష్టారూ, మీరు చిత్తూరులోనే ఉంటారు కదా. మాఘంలో పెళ్లికి మీరు తప్పకుండా రావాలి. పందిట్లో మా వాళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టే బాధ్యత నాది.

లెక్కల మాష్టారు, చిత్తూరు:

వస్తాను నాయనా. ఒక ముప్పై తెల్ల చీటీలు, మూడు ఖాళీ డబ్బాలు సిద్ధంగా పెట్టు. పెళ్లికి వచ్చిన పిల్లల చేత 1, 2, 3 రాయించి, వాళ్ల చేతే లెక్కపెట్టిద్దాం. మీ పెదనాన్న గారిని ఒక డబ్బా దగ్గర, మీ మామ గారిని ఇంకో డబ్బా దగ్గర కూర్చోబెట్టు. మూడో డబ్బా తీసేసేటప్పుడు అందులో చీటీలు ఎటు పోతాయో వాళ్లే పంచుతారు.